ముగ్గురూ ఒకరేనా?

గుంటూరు కార్పొరేషన్ ఆఫీసు వెనక, మెట్ల కింద
ఒకప్పుడు బ్లీచింగ్ బస్తాలు పెట్టిన గది.
ఇప్పటికీ తలుపు తీస్తే ముక్కుకి అదే ఘాటు.
లోపల ఒక ఇనప బీరువాలో నాలుగు ఊళ్ల లెక్కలు
పచ్చ దీపాలతో కన్నుగీటుతుంటాయి.
నేనక్కడ ఔట్‌సోర్సింగ్ ఆపరేటర్ని,
తెనాలి ప్యాసింజర్‌లో వచ్చి పోయేదాన్ని.

గుంటూరు, తెనాలి, పొన్నూరు, మంగళగిరి:
ఎవరికి వాళ్లు కొనుక్కోలేక కలిసి ఒక్కటి కొన్నారు.
కలవడమంటే నాలుగు సంతకాలేగా అనుకున్నారు.
మొదటి మీటింగంతా
బోర్డు మీద ఎవరి పేరు ముందుండాలన్నదే.
అక్షరక్రమం అంది గుంటూరు.
జనాభా లెక్కన అని మాత్రం అనలేదు,
కరెంటు బిల్లు పంచేటప్పుడు ఆ మాటే మెడకి చుట్టుకుంటుందని.
బజ్జీలు చల్లారిపోయాక
పొన్నూరు కమిషనర్ నోరు విప్పాడు:
"మా పేరు చివర్నే రాయండి,
ముందు మా రసీదులు ఎక్కించండి."

ఎక్కించడం మొదలుపెట్టాక తెలిసింది.
తెనాలి ఇంటి నంబరు మధ్య అడ్డగీత పెడుతుంది,
మంగళగిరి ఏటవాలు గీత.
పొన్నూరు ఏ గీతా పెట్టదు,
"రంగుల షాపు ఎదురు, మస్తానమ్మ సందు" అని రాస్తుంది.
మిషనుకి మస్తానమ్మ ఎవరో తెలీదు.
మూడు నెలలు నేనూ సుభానీ
గీతలు చెరిపి గీతలు గీశాం.
కళ్లు మూసుకుంటే
రెప్పల వెనక కూడా గీతలే.

రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం
ఏసీ చచ్చింది.
బీరువా జ్వరమొచ్చిన పిల్లాడిలా మూలగసాగింది.
సుభానీ నాలుగు ఫోన్లు చేశాడు.
మంగళగిరి నుంచి ఎలక్ట్రీషియన్ ధనుంజయ
బండి మీద, నెత్తిన తడి తువ్వాలుతో వచ్చాడు.
పొన్నూరు డీజిల్ క్యాను పంపింది.
తెనాలి వాళ్లు చెత్త ఆటో కడిగి
ఊకలో పొదిగిన ఐసు దిమ్మలు ఆరు పంపారు.
వచ్చేసరికి నాలుగున్నర మిగిలాయి.
గుంటూరు బకెట్లిచ్చింది.
ఒప్పందం అరవై పేజీలు,
ఐసు అన్న మాట ఎక్కడా లేదు.

గది చల్లబడ్డాక, ఆ రాత్రే
పేర్లు సరిచూసే పని నడిచింది.
తెల్లారేసరికి తెర మీద మూడు వరసలు.
పొన్నూరు జననాల్లో కలపాల యేసుపాదం.
తెనాలి కుళాయి పన్నుల్లో కె. ఏసుపాదం, బాకీ ఏడొందల ఇరవై.
గుంటూరు మరణాల్లో జేసుపాదం, తాపీ పని.
కింద ఒక ప్రశ్న:
ముగ్గురూ ఒకరేనా?
అవును. కాదు.

నా వేలు ఆగిపోయింది.
అవునంటే ఒక మనిషి పూర్తిగా పోతాడు.
కాదంటే తెనాలిలో ఇంకా
నెలనెలా బాకీ పడుతూ బతికుంటాడు.

కబురు పెడితే ఆయన భార్య సువార్తమ్మ వచ్చింది.
చేతిలో ప్లాస్టిక్ కవరు.
పొన్నూరు తెనాలి వెళ్లమందట,
తెనాలి గుంటూరు వెళ్లమందట,
గుంటూరు పేరు సరిచేయించుకు రమ్మందట.
పద్నాలుగు నెలల బస్సు టికెట్లు
కవర్లో రబ్బరు బ్యాండు వేసి దాచింది,
ఇవి కూడా ఎవరైనా అడుగుతారేమోనని.
తెర వంక చూపిస్తే తల వంచి చూసింది.
"ఆ కుళాయి ఆయనే బిగించాడు.
సన్నగా వచ్చేయి నీళ్లు."

అవును నొక్కాను.
మూడు వరసలు ఒకటయ్యాయి, చప్పుడు లేకుండా.
ప్రింటర్లోంచి కాగితం వేడిగా జారింది.
ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుని
"ఇంతకీ మా ఆయన్ని
ఏ ఊరోణ్ని చేశారమ్మా?" అంది.

కాగితం తలకట్టున నాలుగు ఊళ్లూ ఉన్నాయి.
అక్షరక్రమంలో.
వేలు పెట్టి ఒక్కో పేరూ కూడబలుక్కుంది.
మూడోదాని దగ్గర ఆగి,
"సరే, ఇదుందిగా" అని మడతపెట్టింది.

బాకీ ఏడొందల ఇరవై మాత్రం అలాగే ఉంది.
దాన్ని కొట్టేసే అధికారం
నలుగురిలో ఎవరిదో
వచ్చే మీటింగులో తేలుస్తారట.